చంద్రతాల్ దగ్గర తొలి రాత్రి

వేసవి సెలవులకు ఊటీ, కొడైకెనాల్ వెళ్లే కాలం పోయి, మన కుటుంబాలు ఇప్పుడు స్పితి దారి పడుతున్నాయి. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి కూడా. నలుగురైదుగురు స్నేహితులు కలిసి మనాలీలో కారు మాట్లాడుకుని హిమాచల్‌లోని చంద్రతాల్ సరస్సు దగ్గర టెంట్‌లో ఒక రాత్రి పడుకుని రావడం ఈ మధ్య బాగా పెరిగింది. చంద్రవంక ఆకారంలో ఉంటుంది కాబట్టి దానికా పేరు. చుట్టూ చెట్టన్నది లేని కొండలు, మధ్యలో గంటకో రంగు మారే నీళ్లు. ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ నిశ్శబ్దం కోసమే చాలామంది వెళ్తారు.

వెళ్లేముందు వైద్యుల దగ్గరకు వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు సాధారణంగా చలి గురించే ఉంటాయి. ఎన్ని స్వెటర్లు పెట్టుకోవాలి, జలుబుకు ఏ మాత్రలు తీసుకెళ్లాలి, పిల్లలకు నెబ్యులైజర్ కావాలా అని. చలికి దుస్తులతో జవాబు చెప్పవచ్చు. ఎత్తుకు అలా చెప్పలేం. చంద్రతాల్ సముద్ర మట్టానికి దాదాపు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. అరకు వెయ్యి మీటర్ల లోపే. ఊటీ కూడా 2,240 మీటర్లే. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ నడక సాధన చేసినా, ఏ కొండ ఎక్కినా మన ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యే వీల్లేదు.

అసలు మెలిక ఎత్తులో కన్నా వేగంలో ఉంది. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమైంది. అంతకుముందు మనాలీ నుంచి ఎటు వెళ్లాలన్నా 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. అక్కడ ట్రాఫిక్ ఆగేది, మంచు పడితే రోజులకు రోజులు దారి మూసేవారు. ఇప్పుడు సొరంగంలో దూరి పావుగంటలో అవతల తేలుతున్నారు. పొద్దున మనాలీలో ఆలూ పరాఠా తిని బయల్దేరినవాళ్లు సాయంత్రానికి చంద్రతాల్ శిబిరంలో టీ తాగుతున్నారు. మనాలీ ఎత్తు 2,050 మీటర్లు. అంటే ఒక్క పగటిలో 2,200 మీటర్లు పైకి. రోడ్డు బాగుపడింది. మన రక్తం, ఊపిరితిత్తులు మాత్రం పాత వేగంతోనే పనిచేస్తున్నాయి.

గాలి పలచబడితే...

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సముద్రం ఒడ్డునైనా, చంద్రతాల్ ఒడ్డునైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. చంద్రతాల్ దగ్గర అది విశాఖ బీచ్‌లో ఉండే దానిలో 60 శాతమే ఉంటుంది. దాంతో ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఐదు పీల్పులు పీలిస్తే మూడు పీల్పుల సరుకే అందుతుందన్నమాట.

శరీరం దీనికి ఊరుకోదు. వెంటనే శ్వాస వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది. ఎక్కువగా శ్వాసించడం వల్ల బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది మళ్లీ శ్వాసకు కళ్లెం వేస్తుంది. అప్పుడు మూత్రపిండాలు రంగంలోకి దిగి ఆ క్షారాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి, శ్వాస మళ్లీ పుంజుకుంటుంది. కొండల్లో మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. ఈ సర్దుబాటుకు గంటలు చాలవు, రోజులు పడతాయి. ఆ రోజులు ఇవ్వకుండా ఒంటిని ఒక్కసారిగా పైకి లాక్కెళితే వచ్చేదే ఎత్తు జబ్బు. వైద్య పరిభాషలో అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. దీని గురించి ప్రపంచానికి చెప్పినవాళ్లలో మన సైనిక వైద్యులు ముందువరుసలో ఉన్నారు. 1962 చైనా యుద్ధ సమయంలో మైదాన ప్రాంతాల సైనికులను హడావుడిగా హిమాలయాలకు తరలించాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల వివరాలతో రాసిన పత్రం 1969లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వైద్య విద్యార్థులు ఇప్పటికీ దాని ప్రస్తావన వింటుంటారు.

నేపాల్‌లో ఎవరెస్ట్ దారిలో ఫెరిచే అనే ఊరుంది. దాని ఎత్తు 4,243 మీటర్లు, అంటే ఇంచుమించు మన చంద్రతాల్ అంతే. ఆ దారిన వెళ్లే 278 మందిని అక్కడ పరీక్షించి పీటర్ హ్యాకెట్ బృందం 1976లో ఫలితాలు ప్రచురించింది. వారిలో 53 శాతం మందికి ఎత్తు జబ్బు లక్షణాలున్నాయి. ఎవరికి ఎక్కువ? కొంతదూరం విమానంలో వచ్చినవాళ్లకు, వేగంగా ఎక్కినవాళ్లకు, దారిలో తక్కువ రాత్రులు ఆగినవాళ్లకు. మరో సంగతి కూడా బయటపడింది. వయసులో చిన్నవాళ్లకే ఎక్కువగా వచ్చింది. ఆడా మగా తేడా కనిపించలేదు. అంతకుముందు కొండలెక్కిన అనుభవమూ కాపాడలేదు.

అందుకే "మావాడు రోజూ జిమ్‌కి వెళ్తాడు, వాడికేం కాదులెండి" అనే తల్లిదండ్రుల మాటకు నేను తల ఊపను. కండబలం, పరుగు పోటీల్లో పతకాలు ఈ జబ్బును ఆపలేవు. పైపెచ్చు బలం ఉన్న కుర్రాడు తలనొప్పిని లెక్కచేయకుండా ఇంకో కొండెక్కి వస్తాడు. యాభై దాటిన నాన్న మెల్లగా నడిచి, మధ్యాహ్నం కాస్త కునుకు తీసి బాగానే ఉంటాడు.

తలనొప్పి ఎక్కడిది?

పైకి చేరిన ఆరేడు గంటల నుంచి ఒక రోజు లోపు తలనొప్పి మొదలవుతుంది. దానితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, ఒళ్లంతా సత్తువ లేనట్టుండటం. అచ్చం రాత్రి మందు ఎక్కువ తాగి పొద్దున లేచినట్టు ఉంటుందని తాగే అలవాటున్నవాళ్లు చెబుతారు. చిక్కేమిటంటే, ప్రయాణంలో ఎవరికైనా ఇవన్నీ ఉంటాయి. బాతల్ దారిలో బండరాళ్ల మీద ఏడెనిమిది గంటలు కుదుపులు తిన్నవాడికి తల నొప్పక ఏమవుతుంది? "దారి అలసట", "గ్యాస్", "ఎండ తగిలింది", "నిన్నటి ధాబా భోజనం పడలేదు" అని తలా ఒక కారణం చెబుతారు. ఎవరూ ఎత్తు మాట ఎత్తరు.

ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. 2,500 మీటర్లు దాటాక వచ్చే తలనొప్పిని, వేరే కారణం రుజువయ్యేదాకా ఎత్తు జబ్బుగానే భావించాలి. భావిస్తే నష్టం లేదు, ఒక రోజు ఆగుతారు అంతే. ఆ లక్షణాలతో ఇంకా పైకి వెళ్లకూడదు. పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు తాగి, ఉన్నచోటే విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగాల్సిందే.

ఎందుకింత పట్టింపు అంటే, దీనికి ఇద్దరు పెద్దన్నలున్నారు. ఒకటి మెదడు వాపు. మనిషి మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతాడు, చిరాకు పడతాడు, మగతగా పడుకుంటాడు, నడక తూలుతుంది. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనించి నడవమనండి. అలా పది అడుగులు తిన్నగా వేయలేకపోతే తెల్లవారేదాకా చూద్దామని ఆగకూడదు.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది తరచూ తలనొప్పి లేకుండానే, రెండో రాత్రో మూడో రాత్రో వస్తుంది. మొదట నడుస్తుంటే తోటివాళ్ల కన్నా వెనకబడతారు, పొడిదగ్గు ఉంటుంది. తర్వాత కూర్చున్నా ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, పెదవులు నీలంగా మారడం, చివరికి గులాబీ రంగు నురగతో కఫం. ఎత్తుల్లో జరిగే మరణాలకు ఎక్కువగా కారణం ఇదే. దీన్ని న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ వేసుకుంటూ కూర్చుంటే గంటలు చేజారిపోతాయి. రెండింటికీ అసలు మందు కిందికి దింపడమే. ఆక్సిజన్ పెట్టినా, డెక్సామెథసోన్, నిఫెడిపిన్ వంటి మందులిచ్చినా అవి దింపేలోగా ప్రాణం నిలపడానికి. వాటిని సొంతంగా వాడేందుకు సంచిలో వేసుకోవద్దు.

అదే సరస్సుకు రెండు దారులు

మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రాత్రి అదనంగా ఆగాలి. కొండ వైద్యంలో అందరూ ఒప్పుకునే సూత్రం ఇది. పగలు ఎంత ఎత్తుకు వెళ్లారన్నది అంత ముఖ్యం కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం.

ఈ కొలబద్దతో చంద్రతాల్ ప్రయాణాన్ని చూడండి. మనాలీ నుంచి సొరంగం దాటితే వచ్చే సిస్సు దాదాపు 3,100 మీటర్లు. అక్కడి నుంచి సరస్సుకు ఇంకో 1,150 మీటర్ల పైనే. మధ్యలో ఛత్రు ఉంది, 3,300 మీటర్ల పైచిలుకు. ఆ తర్వాత బాతల్, 3,950 మీటర్ల దగ్గర, నాలుగు ధాబాలు తప్ప ఏమీ లేదు. అంటే ఈ వైపు నుంచి లెక్క ప్రకారం వెళ్లాలంటే సిస్సులో రెండు రాత్రులు, ఛత్రులో ఒకటి, వీలైతే బాతల్‌లో ఇంకొకటి గడపాలి. ఐదు రోజుల సెలవు పెట్టుకున్న బ్యాంకు ఉద్యోగికి ఇది కుదరదు. కుదరదు కాబట్టే అందరూ నేరుగా పోతున్నారు.

రెండో దారి సిమ్లా, కిన్నౌర్ మీదుగా. సిమ్లా 2,200 మీటర్లు, అక్కడి నుంచి కల్పా 2,900 దగ్గర, తాబో 3,280, కాజా 3,700 దగ్గర. ఒక్కోచోట ఒక్కో రాత్రి. తాబోలో క్రీస్తుశకం 996లో కట్టిన బౌద్ధారామం ఉంది, దాని మట్టి గోడల మీది చిత్రాలు చూడటానికైనా అక్కడ ఆగవచ్చు. కాజాలో తప్పనిసరిగా రెండు రాత్రులుండాలి. పగలు కీ గోంపాకో, 4,400 మీటర్ల ఎత్తున పోస్టాఫీసు ఉన్న హిక్కిమ్‌కో వెళ్లి వచ్చి మళ్లీ కాజాలోనే పడుకోవాలి. ఆ తర్వాత 4,550 మీటర్ల కుంజుమ్ కనుమ దాటి చంద్రతాల్ చేరితే, మీకది ఏడో రోజో ఎనిమిదో రోజో అవుతుంది. పడుకునే ఎత్తు ఆ రాత్రి 500 కన్నా కాస్త ఎక్కువే పెరుగుతుంది, అయినా అప్పటికి ఒళ్లు తయారై ఉంటుంది. తిరుగు ప్రయాణం మనాలీ వైపు, అంటే అంతా దిగుడే.

సరస్సు ఒకటే, టెంట్ ఒకటే, అద్దె ఒకటే. ఒక వైపు నుంచి వచ్చినవాళ్లు సాయంత్రం ఒడ్డున నడుస్తూ ఫొటోలు తీసుకుంటారు, ఇంకో వైపు నుంచి వచ్చినవాళ్లు టెంట్‌లో తల పట్టుకుని పడుకుంటారు. నన్నడిగితే, పది రోజుల సెలవు దొరకనివాళ్లు చంద్రతాల్ దగ్గర బస చేయాలనే కోరిక మరో ఏడాదికి వాయిదా వేసుకోవడం మేలు. సిస్సులో రెండు రాత్రులు ఉండి, ఒంట్లో బాగుంటే ఛత్రులో ఒక రాత్రి గడిపి, అక్కడి నుంచి వేకువనే వెళ్లి సరస్సు చూసి, చీకటి పడేలోగా ఛత్రుకు దిగివచ్చే పద్ధతి ఉంది. టూర్ ఏజెంట్ ఇది చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

నడిచి వెళ్లేవాళ్ల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మనాలీ దగ్గర జోబ్రా నుంచి హంప్తా కనుమ మీదుగా ఛత్రుకు చేరే నాలుగైదు రోజుల ట్రెక్ మన కుర్రకారుకు బాగా తెలుసు. చికా, బాలూ కా ఘేరా శిబిరాల్లో ఆగుతూ, 4,270 మీటర్ల కనుమ ఎక్కి అవతల దిగుతారు. ఛత్రు నుంచి వాహనంలో చంద్రతాల్ చూసి వస్తారు. కాళ్లు నొప్పి పెడతాయి గానీ, కారులో వచ్చిన వాళ్ల కన్నా వీళ్ల ఒళ్లే సరస్సు దగ్గర మెరుగ్గా ఉంటుంది. ఎందుకంటే నడక వేగం ఒంటి సర్దుబాటు వేగానికి దగ్గరగా ఉంటుంది. అలాగని కనుమ ఎక్కే రోజున తలనొప్పితో ఉన్నా జట్టుతో పాటు లాక్కురావడం మాత్రం తగదు.

మాత్ర వేసుకుంటే సరిపోదా?

ఎసిటజోలమైడ్, దుకాణాల్లో డయామాక్స్ అని అడిగేది, పనికొచ్చే మందే. ఇందాక చెప్పిన మూత్రపిండాల పనిని ఇది తొందర చేస్తుంది. దాంతో శ్వాస బాగా ఆడుతుంది, ముఖ్యంగా నిద్రలో. పెద్దవాళ్లకు నివారణ మోతాదు 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అంటే 250 మాత్రలో సగం. ఎక్కడానికి ముందురోజే మొదలుపెట్టి, పై ఎత్తుకు చేరాక రెండు రోజులైనా కొనసాగించాలి. తప్పనిసరై వేగంగా ఎక్కాల్సినవాళ్లకు, ఇంతకుముందు ఎత్తు జబ్బు వచ్చినవాళ్లకు దీన్ని రాస్తాం.

వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం మామూలే. సోడా, కూల్‌డ్రింక్ చప్పగా అనిపిస్తుంది, దానికి కంగారు పడొద్దు. సల్ఫా మందులు గతంలో తీవ్రంగా పడనివాళ్లు, గర్భిణులు, మూత్రపిండాల, కాలేయ జబ్బులున్నవాళ్లు వాడకూడదు. పిల్లలకు బరువును బట్టి మోతాదు మారుతుంది. అందుకే మిత్రుడి చీటీతో కొనుక్కోవద్దు. ఇది ఎత్తు జబ్బు అవకాశాన్ని తగ్గిస్తుందే గానీ, ఒకే రోజులో రెండు వేల మీటర్లు ఎక్కడానికి అనుమతి పత్రం కాదు. మాత్ర వేసుకున్నా లక్షణాలు వస్తే ఆగాల్సిందే.

అనుమతి పత్రం అంటే గుర్తొచ్చింది. ట్రెక్ సంస్థలు ఎంబీబీఎస్ వైద్యుడి సంతకంతో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతాయి. ప్రయాణానికి రెండు రోజుల ముందు, క్యూలో నూటయాభై మంది ఉండగా, ఫారం ముందుపెట్టి "సంతకం చాలు సార్" అంటారు. సంతకం వల్ల ఎవరికీ ఊపిరి పెరగదు. కనీసం నెల ముందు రండి. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, నలభై దాటితే ఈసీజీ చూసి, మందులు సరిచేయడానికి వైద్యుడికి వ్యవధి ఉండాలి. మన దేశంలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆక్సిజన్ మోసే సరుకే తక్కువ ఉన్నవాళ్లు పలుచని గాలిలోకి వెళ్తే మామూలు మెట్లు ఎక్కడం కూడా కష్టమవుతుంది. నెల రోజులు ఐరన్ మాత్రలు వేసుకుంటే చాలామందికి తేడా వస్తుంది.

బీపీ అదుపులో ఉన్నవాళ్లు వెళ్లవచ్చు, మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు. మొదటి రోజుల్లో బీపీ కాస్త పెరగడం సహజం. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్‌ను రాత్రి లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోవాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు. కొన్ని గ్లూకోమీటర్లు చలిలో, ఎత్తులో సరైన అంకె చూపవు, ఆ సంగతి తెలిసి ఉండాలి. గుండెపోటు వచ్చి, స్టెంట్ వేసి ఆరు నెలలు కానివాళ్లు, ఛాతీనొప్పి అదుపులో లేనివాళ్లు, సీఓపీడీతో ఆయాసపడేవాళ్లు, గర్భిణులు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు అసలే వద్దు. ఆ లక్షణాన్ని ఒకవైపు నుంచే పొందినవాళ్లకు కింద ఏ బాధా లేకున్నా, పైన ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి రావచ్చు. ప్లీహానికి రక్తం అందక వచ్చే నొప్పి అది. మన ఏజెన్సీ ప్రాంతాల కుటుంబాలు ఈ పరీక్ష ఒకసారి చేయించుకుంటే మంచిది.

కర్పూరం, డబ్బా ఆక్సిజన్, వేలికి క్లిప్పు

కర్పూరం మూటగట్టి వాసన చూస్తే ఆయాసం తగ్గుతుందని ఎవరో మొదలుపెట్టారు, ఇప్పుడు ప్రతి బృందంలోనూ ఒక మూట ఉంటోంది. ముక్కు చల్లబడి శ్వాస బాగా ఆడినట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ మాత్రం రవ్వంత కూడా పెరగదు. పసిపిల్లలు కర్పూరం బిళ్ల నోట్లో పెట్టుకుంటే మూర్ఛ రావచ్చు. వెల్లుల్లి తిన్నంత మాత్రాన నష్టం లేదు, అది పులుసులో వేసుకున్నా సరే.

మనాలీ దుకాణాల్లో స్ప్రే డబ్బాల్లా అమ్మే ఆక్సిజన్ సంగతి చూద్దాం. పది లీటర్ల డబ్బా అనుకోండి. ఆసుపత్రిలో నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పెట్టినా అది ఐదు నిమిషాలకు ఖాళీ. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు గంటల తరబడి ఆక్సిజన్ కావాలి. శిబిరంలో పెద్ద సిలిండర్, దానికి మాస్కు, పనిచేసే రెగ్యులేటర్ ఉన్నాయా అని బుక్ చేసుకునే ముందు అడగండి. వైఫై ఉందా అని అడగడం కన్నా ఇది నయం.

కొవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సిమీటర్లు ఇప్పుడు ట్రెక్ సంచుల్లోకి వచ్చాయి. ఇంట్లో 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తమని అప్పుడు చెప్పాం. అదే లెక్కను చంద్రతాల్‌కు తీసుకెళ్లొద్దు. అక్కడ ఆరోగ్యవంతుడికీ 85కు అటూ ఇటూ కనిపిస్తుంది. చల్లబడిన వేళ్లకు ఇంకా తప్పుగా చూపుతుంది. అంకె బాగుందని తూలుతున్న మనిషిని వదిలేయకూడదు, అంకె తగ్గిందని హాయిగా టీ తాగుతున్న మనిషిని భయపెట్టకూడదు. బృందంలో అందరికీ 86, 87 ఉండి ఒక్కరికే 70 ఉంటే మాత్రం, ఆ మనిషిని జాగ్రత్తగా గమనించాలి.

టెంట్‌లో

చంద్రతాల్ రామ్సర్ జాబితాలోకి ఎక్కిన చిత్తడి నేల, అందుకని ఒడ్డున టెంట్లు వేయనివ్వరు. శిబిరాలు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. కారు ఆగేచోటు నుంచి సరస్సుకు కాస్త దూరం నడవాలి. చేరిన సాయంత్రం ఆ నడక ఒక్కటి చాలు. గట్టెక్కి పైనుంచి ఫొటో తీయాలన్న ఉబలాటం మర్నాటికి ఉంచుకోండి. చేరిన రోజు శ్రమ ఎక్కువైతే రాత్రి జబ్బు ఎక్కువవుతుంది. నీళ్లు నీలంగా పిలుస్తున్నాయని దిగొద్దు. మంచు కరిగిన నీళ్లలో ఒక్కసారిగా మునిగితే శ్వాస ఎగబీల్చుకుపోయి, ఈత వచ్చినవాడు కూడా నీళ్లు మింగేస్తాడు.

సూర్యుడు అస్తమించగానే చలి ఒక్కసారిగా పడుతుంది. పగటి చెమటకు తడిసిన బనియన్, సాక్సులు అప్పుడే మార్చేయాలి. ఒక మందపాటి కోటు కన్నా ఒకదానిపై ఒకటి మూడు పొరలు మేలు. ఉన్ని టోపీ పెట్టుకునే పడుకోవాలి. చలికి రెండు పెగ్గులు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనేది భ్రమ. మద్యం చర్మంలోని రక్తనాళాలను తెరిచి ఒంటి వేడిని బయటకు వదిలేస్తుంది, నిద్రలో శ్వాసను మందగింపజేస్తుంది. నిద్రమాత్రలకూ ఇదే హెచ్చరిక.

టెంట్‌లోకి కుంపటి, గ్యాస్ పొయ్యి తేవొద్దు. మూసిన టెంట్‌లో బొగ్గులు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, వికారం, అచ్చం ఎత్తు జబ్బు లాగే ఉంటాయి. ఆ తర్వాత మత్తు వచ్చి లేవలేరు. వెచ్చదనానికి వేడినీళ్ల సీసా రజాయిలో పెట్టుకోండి.

ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం కుక్కర్ లేకుండా ఉడకదు, పప్పు సంగతి చెప్పనక్కర్లేదు. అయితే నీళ్లలోని సూక్ష్మజీవులు చావడానికి ఆ వేడి చాలు, కాచిన నీళ్లే తాగండి. మూత్రం లేత రంగులో వచ్చేటంత తాగితే సరిపోతుంది. ఎత్తు జబ్బు రాకూడదని రోజుకు ఆరేడు లీటర్లు తాగేవాళ్లున్నారు. దానివల్ల ఉపయోగం లేకపోగా రక్తంలో సోడియం పడిపోతుంది. ఎండ చల్లగా ఉందని టోపీ తీసేయొద్దు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, మంచు మీద పడి అవి మళ్లీ కళ్లలోకి వస్తాయి. నల్లద్దాలు షోకు కాదు అక్కడ.

అర్ధరాత్రి పక్కన పడుకున్న భర్త శ్వాస వేగంగా ఆడి, మెల్లగా తగ్గి, పది సెకన్లు ఆగిపోయి, మళ్లీ ఒక్కసారిగా మొదలవడం వింటే భార్య గుండె జారిపోతుంది. ఎత్తులో నిద్రలో చాలామందికి ఇలా జరుగుతుంది. ఆయనను లేపితే మామూలుగా మాట్లాడి, ఆయాసం లేదంటే భయం లేదు. లేపితే అయోమయంగా చూసినా, కూర్చోబెట్టినా ఆయాసం తగ్గకున్నా అది వేరే సంగతి.

మాటలు రాని పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. ఊరికే ఏడవడం, తినకపోవడం, ఆడుకోకుండా ఒళ్లో పడుకోవడం, వాంతులు చూసి మనమే పోల్చుకోవాలి. ముక్కు కారుతూ, దగ్గుతూ ఉన్న పిల్లల్ని పైకి తీసుకెళ్లొద్దు. రెండు మూడేళ్ల పిల్లలున్న ఇంటికి నేనైతే సిస్సు దాటొద్దనే చెబుతాను.

ఇక దిగే దారి. 2023 జులైలో అకాలంగా మంచు కురిసి దారి మూసుకుపోతే, చంద్రతాల్ శిబిరాల్లో రెండు వందల యాభై మందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. ఆరోగ్యం దెబ్బతిన్న కొందరిని హెలికాప్టర్‌లో తరలించాల్సి వచ్చింది. అంటే ప్రతిసారీ అనుకున్నప్పుడు దిగడం మన చేతుల్లో ఉండకపోవచ్చు. వాతావరణ హెచ్చరిక ఉంటే ముందే మానుకోవాలి.

దిగాల్సి వస్తే ఎటు దిగాలన్నది కూడా తెలిసి ఉండాలి. కాజాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది కానీ, చంద్రతాల్ నుంచి అక్కడికి వెళ్లాలంటే మొదట 4,550 మీటర్ల కుంజుమ్ ఎక్కాలి. ఊపిరాడని మనిషిని ఇంకా పైకి తీసుకెళ్లడం అది. బాతల్, ఛత్రు మీదుగా సిస్సు వైపు వస్తే మొదటి గంట నుంచీ దిగుడే. వెయ్యి మీటర్లు దిగేసరికే మనిషిలో మార్పు కనిపిస్తుంది. అక్కడి నుంచి కేలాంగ్‌లో గానీ, సొరంగం దాటి మనాలీలో గానీ ఆసుపత్రి దొరుకుతుంది. ఆ దారిలో నాలాలు పొంగేది మధ్యాహ్నం తర్వాత, ఎండకు మంచు కరిగి. తెల్లవారుజామున నీళ్లు తక్కువ. కాబట్టి సాయంత్రం నాలుగింటికి అనుమానం వచ్చినా, వెలుతురు ఉండగానే డ్రైవర్‌తో మాట్లాడండి. అతనికి మద్యం అందకుండా చూడండి, బండిలో డీజిల్ ఎంతుందో అడగండి, తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలుసుకుని పడుకోండి.